బొమ్మ గీస్తే బెంగ తీరుతుందా అండీ? – తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలో కాలువ గట్టున ఉన్న ఒక ఊళ్లో, పంచాయతీ వాళ్లిచ్చిన పాత హాల్లో ప్రతి ఆదివారం పొద్దున్న పిల్లలతో కూర్చుంటాం. పదమూడేళ్ల వాళ్ల నుంచి ఇరవై ఒక్క ఏళ్ల వాళ్ల దాకా వస్తారు. బొమ్మలు, రాత, పాట, బంకమట్టి, ఒక్కోసారి డప్పు. వాళ్ల మనసు కాస్త తేలికపడాలని. నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. నాతోపాటు ఒక డ్రాయింగ్ మాస్టారు, పీహెచ్‌సీలో పనిచేసే ఒక నర్సమ్మ ఉన్నారు. గుమ్మం దగ్గర, ఫోన్లో, ఆఖరికి పెళ్లి భోజనాల బంతిలో కూడా మమ్మల్ని అడిగే ప్రశ్నలివి. అడిగినవాళ్ల మాటల్లోనే పెట్టాను.

ఇది డ్రాయింగ్ క్లాసేనా టీచర్‌గారూ?

కాదండి. డ్రాయింగ్ క్లాసులో కొబ్బరిచెట్టు కొబ్బరిచెట్టులా రావాలి. ఇక్కడ అది తాటిచెట్టులా వచ్చినా, అసలు చెట్టే కాకపోయినా ఎవరూ దిద్దరు.

ఏం జరుగుతుందో చెప్తాను. తొమ్మిదింటికి చాపలు పరుస్తాం. కొట్లవాళ్లు పంచే క్యాలెండర్లు ఏడాది అయిపోగానే పోగుచేస్తాం, వాటి వెనక తెల్లటి భాగమే మా కాగితం. మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఒక చిన్న మాట ఇస్తాం. ఉదాహరణకి, మనిషి ఆకారం గీసుకుని 'ఈ వారం నీ ఒంట్లో బరువు ఎక్కడుందో అక్కడ రంగు వెయ్యి' అంటాం. ఒకడు గొంతు దగ్గర ఎర్రగా రుద్దుతాడు. ఇంకొకమ్మాయి రెండు భుజాలూ నింపేస్తుంది. నలభై అయిదు నిమిషాలయ్యాక చూపించాలనుకున్నవాళ్లు చూపిస్తారు, వద్దనుకున్నవాళ్లు మడిచి జేబులో పెట్టుకుంటారు. ఎందుకు చూపించలేదని అడగం. మాకున్న నియమాల్లో అన్నిటికన్నా గట్టిగా పట్టుకునేది ఇదే.

బొమ్మ గీస్తే టెన్షన్ తగ్గుతుందనడానికి రుజువేమైనా ఉందా? ఊరికే చెప్తున్నారా?

రుజువుంది. ఎంతుందో అంతే చెప్తాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక పెద్ద నివేదిక తెచ్చింది. కళలకీ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద జరిగిన 3,000కి పైగా అధ్యయనాలను అందులో ఒకచోట చేర్చి చూశారు. జబ్బు రాకుండా చూసుకోవడంలోనూ, వచ్చాక తట్టుకోవడంలోనూ పాట, బొమ్మ, నాట్యం, రాత సాయపడుతున్నాయని తేల్చారు. ఆ అధ్యయనాలన్నీ ఒకే నాణ్యతవి కావు. కొన్ని గట్టివి, కొన్ని చిన్నవి.

చిన్నదే అయినా నాకు నచ్చినది ఒకటుంది. అమెరికాలో డ్రెక్సెల్ యూనివర్సిటీలో గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దవాళ్లకి స్కెచ్ పెన్నులు, మట్టి, అతికించుకోవడానికి కాగితం ముక్కలు ఇచ్చి 45 నిమిషాలు వదిలేసింది. ముందొకసారి, తర్వాతొకసారి ఉమ్మి తీసి అందులో కార్టిసాల్ చూశారు. ఒత్తిడిలో ఒంట్లో పెరిగే హార్మోన్ అది. సుమారు ముప్పావు వంతు మందిలో అది తగ్గింది. బొమ్మలు వచ్చినవాళ్లకీ రానివాళ్లకీ తేడా కనిపించలేదు. మిగతా పావు వంతు మందికి తగ్గలేదన్నదీ గుర్తుపెట్టుకోవాలి. 2016లో అచ్చయిన పరిశోధన ఇది. చేసింది పెద్దవాళ్ల మీద, పిల్లల మీద కాదు.

ఎందుకు పనిచేస్తుందంటే, నాకు తోచింది చెప్తాను. కుర్రాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి 'ఏమైందిరా?' అంటే 'ఏం లేదు' అంటాడు. అదే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చిరిగిన వల బాగుచేసుకుంటున్నారనుకోండి, చూపు వల మీదుంటుంది, చెయ్యి పనిలో ఉంటుంది, నోట్లోంచి మాట దానంతటది వస్తుంది. బొమ్మా అంతే.

అయితే ఇది ఆర్ట్ థెరపీ అన్నమాట?

కాదు. ఆ పేరు మేం పెట్టుకోం.

ఆ మాట పుట్టించింది ఏడ్రియన్ హిల్ అనే ఇంగ్లండు చిత్రకారుడు, 1942లో. క్షయ వచ్చి శానిటోరియంలో పడుకున్నప్పుడు బొమ్మలు వేసుకుంటే తనకి ఊరటగా ఉందని గమనించి, పక్క మంచాల వాళ్లకీ అలవాటు చేశాడు. ఇప్పుడు అదొక ప్రత్యేకమైన చదువు. శిక్షణ పొందిన మనిషి, ఒక పద్ధతి ప్రకారం, ఒక జబ్బుని ఉద్దేశించి చేసే వైద్యం. మాది పక్క మంచం స్థాయి.

ఎవరైనా థెరపిస్ట్ అని బోర్డు పెట్టుకుంటే ఏం చదివారో అడగండి, మొహమాటపడకండి. క్లినికల్ సైకాలజిస్టులైతే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉంటుంది. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాసేది వాళ్లే. శని, ఆదివారాల్లో ఒక కోర్సు చేసొచ్చి గంటకింత అని తీసుకునేవాళ్లూ తిరుగుతున్నారు.

మా వాడికి బొమ్మలు అస్సలు రావండి.

మంచిదే. వచ్చిన పిల్లలతోనే మాకు కష్టం, బాగా రావాలని చూస్తారు.

మా అమ్మాయి ఎప్పుడూ నల్లరంగే వాడుతోంది. భయపడాలా?

ఎక్కువమంది అడిగేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

రంగులకి నిఘంటువు లేదు. నలుపంటే దిగులు, ఎరుపంటే కోపం, ఇంటికి కిటికీ గియ్యకపోతే ఒంటరితనం అని యూట్యూబ్‌లో చెప్పేవి నమ్మకండి. ఆ వారం పెట్టెలో నల్ల పెన్సిలొక్కటే చెక్కి ఉండొచ్చు.

2022 జూలై వరద మీకు గుర్తుండే ఉంటుంది. గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 లక్షల క్యూసెక్కులకి ఎగరేస్తారు. ఆసారి 25 లక్షలు దాటింది. నది మధ్యలో ఉండే లంక ఊళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ తర్వాత లంకలోంచి ఒక పద్నాలుగేళ్ల కుర్రాడు మా దగ్గరికి వచ్చేవాడు. నాలుగు వారాలు ఒకటే బొమ్మ వేశాడు. కాగితమంతా గోధుమరంగు, పైన మూల మూడు కొబ్బరి మొవ్వులు, వాటి మధ్య ఒక చిన్న నల్ల చుక్క. చూసినవాళ్లందరం ఆ చుక్క వాడేనని, మునిగిపోతున్నానన్న భయమని మాలో మేమే కథ అల్లేసుకున్నాం. నర్సమ్మ మాత్రం వాడి పక్కన చతికిలబడి 'దీని గురించి చెప్తావా నాన్నా?' అంది. 'గేదె' అన్నాడు. ఇంట్లోవాళ్లు పడవెక్కేటప్పుడు పలుపు విప్పమని వీడికి చెప్పారట. హడావుడిలో వీడు విప్పలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు, గేదె వరదకి కొట్టుకుపోయిందనే అనుకుంటున్నారు.

భయం కాదండి, వాడు మోస్తున్నది తప్పు చేశానన్న బాధ. మేం మా కథ వాడికి అంటగట్టి 'భయపడకురా, వరద మళ్లీ రాదులే' అని వీపు నిమిరి ఉంటే, వాడు అసలు సంగతి ఎప్పటికీ చెప్పేవాడు కాదు. అయిదో వారం పలుపుతో సహా గేదెని పెద్దగా వేశాడు. వాళ్ల నాన్నకి తనే చెప్పుకున్నాడని తర్వాత తెలిసింది. తండ్రి ఏమన్నాడో మేం అడగలేదు.

కాబట్టి నల్లరంగు చూసి భయపడకండి. రంగు కన్నా, పిల్ల నిద్రపోతోందా, తింటోందా, ఫ్రెండ్స్‌తో మాట్లాడుతోందా అన్నది చూడండి.

బొమ్మ తెచ్చి చూపిస్తే ఏమనాలి?

'అబ్బ, ఎంత బాగుందో!' అనకండి. ఆ మాట వినగానే రేపటినుంచి మీకు బాగుండేవే గీస్తుంది. 'ఏంటిది? చెట్టా?' అనీ అనకండి. 'దీని గురించి చెప్తావా?' చాలు. 'ఏం లేదు' అంటే 'సరే' అని మీ పని మీరు చూసుకోండి. అక్కడే కూర్చుని మొహంలోకి చూస్తూ ఉండకండి.

నేను ముప్ఫై ఏళ్లు ఎర్రసిరా పెన్నుతో బతికినదాన్ని. ఈ ఒక్కటి నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

వాడు ఇంటర్ ఎంపీసీ అండి. ఆదివారం కూడా టెస్టులుంటాయి. టైమెక్కడిది?

వారానికి నలభై అయిదు నిమిషాలు. అది కూడా లేదంటే ఆ కాలేజీ సంగతి ఆలోచించాల్సిందే.

పదీ పన్నెండేళ్లుగా చూస్తున్నాను. మార్చి పరీక్షలు, ఏప్రిల్లో రిజల్ట్సు, ఆ తర్వాత ఎంట్రన్సు. ఈ మూడు నెలల్లో ఈ చుట్టుపక్కల ఊళ్లలో పిల్లల మొహాలు చూడలేం. వీధరుగు మీద నలుగురు కూర్చుంటే మాటలన్నీ మార్కులే. ఫలానావాళ్ల అమ్మాయికి 980, మనవాడికి 870 అని వాడి ముందే అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 10 నుంచి 19 ఏళ్ల మధ్య ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుంది. ఒక సెక్షన్లో యాభై మందిని కూర్చోబెడితే అది ఏడుగురు. ఆ ఏడుగురికీ టైమ్‌టేబుల్లో చోటు లేదు.

పరీక్షల రోజుల్లో ఇంట్లోనే చేసుకోగలిగినది ముగ్గు. నవ్వకండి. మా దగ్గరికొచ్చే ఒక బైపీసీ అమ్మాయి గుండె దడ మొదలైతే నోట్‌బుక్ వెనక చుక్కలు పెడుతుంది. పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వరకు. పెట్టి మెలికల ముగ్గు తిప్పుతుంది. గీత ఎక్కడ మొదలైందో అక్కడికే రావాలి, మధ్యలో చెయ్యి ఎత్తకూడదు. లెక్క తప్పకూడదు కాబట్టి బుర్ర వేరే వైపు పోలేదు. పూర్తయ్యేసరికి ఊపిరి మామూలుగా వస్తోందని తనే చెప్పింది. వాళ్ల బామ్మ నేర్పిన ముగ్గేనట.

నేను హాస్టల్లో ఉంటున్నాను. కలర్స్ అవీ పెట్టుకోనివ్వరు. నేనేం చెయ్యాలి?

రాయమ్మా. తెల్లకాగితం, పెన్ను ఎవరూ లాక్కోరు కదా.

జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1986లో కాలేజీ పిల్లలతో ఒక పని చేయించాడు. నాలుగు రోజులు, రోజుకి పదిహేను నిమిషాలు, మనసుని బాగా నొప్పించిన విషయాన్ని రాయాలి. దాస్తూ వచ్చినదైనా సరే. రాయడం అయిన వెంటనే వాళ్లకి ఇంకా దిగులనిపించింది. కానీ తర్వాతి నెలల్లో, మామూలు విషయాలు రాసిన పిల్లలతో పోలిస్తే వీళ్లు జబ్బుచేసి డాక్టరు దగ్గరికెళ్లడం తగ్గింది. అందుకే చెప్తున్నాను, రాయగానే ఏడుపొస్తే అది చెడిపోయినట్టు కాదు. స్పెల్లింగు చూసుకోకు, తెలుగూ ఇంగ్లీషూ కలిపేసినా పరవాలేదు. రాశాక చింపెయ్యి. ఉంచుకోవాలనేం లేదు.

మరీ తట్టుకోలేనంత పాత దెబ్బ అయితే మాత్రం ఒక్కదానివే తవ్వుకోవద్దు. రాస్తుంటే చేతులు వణుకుతున్నా, ఆ రాత్రి నిద్ర పట్టకపోయినా ఆపెయ్యి. కింద ఫోన్ నంబరుంది, దానికి చెయ్యి.

వాళ్లమ్మ కువైట్లో ఉంది. పిల్లాడు నా దగ్గర. ఫోనొస్తే మాట్లాడడు, పారిపోతాడు.

మామ్మగారూ, మీలాంటి ఇళ్లు మన కోనసీమలో ఊరికి ఎన్నో ఉన్నాయి. వీడియో కాల్‌లో 'తిన్నావా, చదువుతున్నావా' అయ్యాక ఇంకేం మాట్లాడాలో వాళ్లమ్మకీ తెలీదు, వీడికీ తెలీదు. వెనక నలుగురు వింటూ ఉంటారు కూడానూ.

మీ మనవడి ఈడు కుర్రాడే ఒకడు పోయినేడు ఒక పని చేశాడు. ఫోన్‌లో ఇంటి చప్పుళ్లు రికార్డు చేశాడు. బోరింగు కొడుతున్న చప్పుడు, కోడి, గుడి మైకు, నాయనమ్మ 'ఒరేయ్, చల్దన్నం చల్లారిపోతోంది' అని అరవడం (చల్దన్నం చల్లారడమేంటో ఆవిడనే అడగాలి), రేకుల మీద వాన. అన్నీ కలిపి రెండు నిమిషాలు. ఒక్క మాట లేకుండా వాళ్లమ్మకి పంపాడు. ఆవిడ పనిచేసే ఇంట్లో రాత్రిళ్లు అది పెట్టుకుని పడుకునేదట. తిరిగి అక్కడి చప్పుళ్లు పంపింది. మీవాణ్ణీ అలాంటిదేదైనా చెయ్యమనండి. మాట్లాడమని మాత్రం బలవంతం చెయ్యకండి.

మగపిల్లలు రారు కదండీ ఇలాంటివాటికి?

బొమ్మలంటే రారు. ప్రభ కట్టాలంటే వస్తారు. ప్రభంటే దేవుడి ఊరేగింపుకి వెదురుతో కట్టి, రంగు బట్టలతో అలంకరించి భుజాల మీద మోసుకెళ్లేది.

కనుమ నాడు జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి కదా. వెదురు చీల్చి వంచడం, రంగు బట్టలు చుట్టడం, కుచ్చులు కట్టడం – రోజుల తరబడి కుర్రాళ్లు ఒకచోట కూర్చుని చేసే పని. ఆ పని దగ్గర వినపడే కబుర్లు ఏ కౌన్సెలింగ్ గదిలోనూ వినపడవు. పోయిన ధనుర్మాసం మేం చిన్న ప్రభ ఒకటి హాల్లోనే కట్టించాం. ఆరు నెలలుగా ఇంట్లోంచి కదలని ఒక డిప్లొమా కుర్రాడు వెదురు బద్దలు చీల్చడానికని వచ్చాడు. మూడు రోజులు బద్దలే చీల్చాడు, ఎవరితో మాట్లాడలేదు. నాలుగో రోజు పక్కవాడు ముడి తప్పు వేస్తుంటే 'ఇలా కాదెహె' అని లాక్కున్నాడు. ఆ రోజు మా డ్రాయింగ్ మాస్టారు అందరికీ టీలు ఇప్పించారు.

డప్పూ అంతే. కోపం ఉన్నవాడికి చేతులకి పని కావాలి. అరగంట వాయించాక చెమటపట్టి కూర్చున్నవాడి గొంతు వేరేగా ఉంటుంది.

నాటకాలు వేయిస్తారా?

పెద్ద నాటకాలు కాదు, తోలుబొమ్మల పద్ధతిలో. కాకినాడ దగ్గర మాధవపట్నంలో తోలుబొమ్మలాట వంశపారంపర్యంగా ఆడించే కుటుంబాలున్నాయి. మేం వాడేది అసలైన తోలు కాదు, అట్టముక్కలు, కొబ్బరి ఈనెలు, పాత పంచె, వెనక బల్బు.

ఇందులో సుఖమేంటంటే ఆడించేవాడు తెర వెనక ఉంటాడు. మొహం కనిపించదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క వచ్చి కథ మధ్యలో ఊళ్లో పెద్దల్ని కూడా ఆటపట్టించేస్తారు, ఎవరూ ఏమనరు. మా పిల్లలూ ఆ ధైర్యంతోనే మాట్లాడతారు. పదో తరగతి అమ్మాయి ఒకతె అట్ట బొమ్మ చేత 'నాకప్పుడే పెళ్లొద్దు నాన్నా' అనిపించింది. అందరూ నవ్వారు. నర్సమ్మ నవ్వలేదు. ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లింది.

లేసు అల్లడం కూడా కళేనా? అది కూలిపని కదా?

నరసాపురం వైపు అది కూలిపనే, ముక్కకింత. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చినా, అల్లే చేతికి దక్కేది తక్కువే. అందుకే ఆడపిల్లలకి 'ప్రశాంతంగా ఉంటుంది, లేసు అల్లుకో' అని చెప్పడానికి నాకు నోరు రాదు. కానీ ఎవరి కోసమూ కాకుండా, లెక్క లేకుండా అల్లుకుంటే అదే సూది వేరేగా పనిచేస్తుంది. ఒకే కుట్టు మళ్లీ మళ్లీ వేస్తుంటే చెయ్యి దానంతటదే నడుస్తుంది, తల ఖాళీ అవుతుంది. మా హాల్లో అమ్మమ్మలు ఇద్దరు మూలన కూర్చుని నేర్పుతారు. నేర్చుకునే నెపంతో పిల్లలు వాళ్లకి చెప్పుకునేవి మాకు చెప్పరు.

పోటీలు పెట్టి బహుమతులిస్తే పిల్లలు ఉత్సాహంగా వస్తారు కదా?

వస్తారు. బహుమతి రానివాళ్లు మళ్లీ రారు.

సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టి మొదటి బహుమతి కుక్కరు, రెండో బహుమతి స్టీలు బేసిన్ ఇవ్వడం మనకి మామూలు. పెట్టుకోండి, సరదాయే. కానీ బరువుతో వచ్చిన పిల్లకి ఇంకో ర్యాంకు కట్టకండి, ర్యాంకులతోనే కదా ఆ బరువు వచ్చింది. వాకిట్లో ముగ్గుకి మార్కులుండవు. పొద్దున్న వేస్తారు, మధ్యాహ్నానికి సైకిలు తొక్కేస్తుంది, మర్నాడు కడిగేసి ఇంకోటి వేస్తారు.

మీ దగ్గర ఎప్పుడైనా తప్పు జరిగిందా?

జరిగింది. రెండో ఏడాది మాకు కాస్త పేరొచ్చింది. ఎవరో సలహా ఇస్తే పిల్లల బొమ్మలు గోడకి అంటించి చిన్న ప్రదర్శన పెట్టాం. పేర్లు రాయలేదు, పిల్లల్ని అడిగాం కూడా, అందరూ సరేనన్నారు. టీచరు అడిగితే కాదని ఎవరంటారు? ఒక బొమ్మలో ఇంటి అరుగు, పచ్చ తలుపు, దాని ముందు చెయ్యి ఎత్తిన మనిషి. ఆ పచ్చ తలుపు ఎవరింటిదో ఊళ్లో అందరికీ తెలుసు. సాయంత్రానికి వాళ్ల నాన్నకి కబురు చేరింది. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. నేను వాళ్లింటికి రెండుసార్లు వెళ్లాను, తలుపు తియ్యలేదు.

అప్పటినుంచి ప్రదర్శనల్లేవు, ఫోటోల్లేవు, వాట్సాప్ స్టేటస్సుల్లేవు. దాతలు ఫోటోలు అడిగితే చాపలవి పంపిస్తాం.

రీల్స్ చేసుకుంటే కళ కాదా?

కళే. నాకు రాదు గానీ, ఆ ఎడిటింగ్ అదీ చూస్తే ముచ్చటేస్తుంది. చేస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది, పెట్టాక లైకులు లెక్కపెట్టడం దగ్గరే తేడా వస్తుంది. మా పిల్లలు కొందరు చేసి, పెట్టకుండా ఉంచుకుంటున్నారు. 'డ్రాఫ్ట్స్‌లో ఉంది టీచర్' అంటారు.

మా అత్తగారు గాలి సోకిందంటున్నారు. తాయెత్తు కట్టించాం.

తాయెత్తు ఉంచండి, దానితో గొడవ లేదు. డాక్టరుకీ చూపించండి. తాయెత్తు పనిచేస్తుందేమో చూద్దామని నెలలు గడపకండి.

మరి డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

రెండు వారాలు దాటినా నిద్ర, తిండి సరిగ్గా లేకపోతే, ఇష్టమైనవి కూడా పట్టించుకోకపోతే, స్నేహితుల్ని వదిలేస్తే, స్నానం కూడా బరువైతే. ఎవరికీ వినపడని మాటలు తనకి వినపడుతున్నా, చేతుల మీద గాట్లు కనిపించినా, ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా విప్పకపోయినా రెండు వారాలు ఆగక్కర్లేదు. 'నేను లేకపోతే మీకే హాయి' లాంటి మాట వినిపిస్తే ఆ రోజే.

ముందు 14416కి చేయండి. టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పిల్లలే నేరుగా చేసుకోవచ్చు. పద్దెనిమిది లోపు పిల్లల్ని ఎవరైనా కొడుతున్నా, ఇబ్బంది పెడుతున్నా 1098. ఆసుపత్రి కావాలంటే కాకినాడ పెద్ద ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగం ఉంది. 'పిచ్చాసుపత్రికి తీసుకెళ్లారంటారు' అని జంకుతారు. అది మామూలు ఓపీయే, అక్కడ క్యూలో పక్కన కాలు విరిగినవాళ్లూ ఉంటారు.

మందులు మానేసి బొమ్మలు వేసుకుంటే సరిపోతుందా?

సరిపోదు. డాక్టరు చెప్పకుండా ఒక్క మాత్ర కూడా ఆపకండి. రెండూ కలిపి నడిపించుకోవచ్చు.

కాగితం మీద చచ్చిపోవాలని రాసింది. నేను చూశానని చెప్పాలా?

చెప్పండి. అరవకండి, ఏడ్చి ప్రమాణాలు చేయించుకోకండి. పక్కన కూర్చుని నేరుగా అడగండి: 'చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?' అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు గానీ, అలా పుట్టదు. అడిగినవాళ్లు ఒకరున్నారని తెలుస్తుంది. ఏం చెప్పినా వినండి. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. ఇంట్లో పొలం మందులు, మాత్రలు ఉంటే అప్పుడే ఇంట్లోంచి తీసి ఎక్కడైనా తాళం వేయించండి. మన ఇళ్లలో అవి దూలం మీదో, మంచం కిందో ఉంటాయి, ఆలోచించరు. 14416కి ఫోన్ చేయండి. ప్రాణాపాయం అనిపిస్తే 108.

పోలీసు కేసవుతుందని కొందరు దాస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఆ భయంతో ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేయకండి.

మామూలు రోజుల్లో మాత్రం పిల్లల డైరీ తియ్యకండి. ఒకసారి చదివారని తెలిస్తే ఆ తర్వాత రాసేవన్నీ మీరు చదవడానికే రాస్తారు.

పిల్లలు మీకు చెప్పినవన్నీ మాకు చెప్తారా?

చెప్పం. ప్రాణానికి ముప్పున్నా, ఎవరైనా హాని చేస్తున్నా మాత్రం చెప్పాల్సినవాళ్లకి చెప్తాం. ఈ సంగతి పిల్లలకి మొదటి రోజే చెప్తాం.

మా ఊళ్లో కూడా మొదలుపెట్టాలంటే ఎంతవుతుంది?

మాకు నెలకి రంగులకీ టీలకీ కలిపి రెండు వేలు దాటదు. బంకమట్టి కాలువ గట్టున ఊరికే వస్తుంది, పూడిక తీసే రోజుల్లో బస్తాల్లో నింపి పెట్టుకోండి. గుడ్డ తడిపి కప్పితే నెలలపాటు మెత్తగా ఉంటుంది. తలుపు వేసుకోగలిగిన గది కావాలి. పెద్దవాళ్లు ఇద్దరికి తక్కువ ఉండకూడదు, ఒక్క పెద్దమనిషి దగ్గర పిల్లల్ని ఒంటరిగా వదలకూడదు. ఫోన్ చేస్తే పలికే డాక్టరో నర్సో ఒకరు తెలిసుండాలి. అది లేకుండా మాత్రం మొదలుపెట్టకండి.

రాజమండ్రి వెళ్లినప్పుడు పిల్లల్ని దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్లండి. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో పోయాడాయన. మావాళ్లు అక్కడ ఒక్కో బొమ్మ ముందు నిలబడిపోయారు, బస్సు తప్పిపోయింది.

ఫీజెంత? ఎప్పుడు రావాలి?

ఫీజు లేదు. ఆదివారం తొమ్మిదికి. దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు ఏడింటికే మొదలుపెడతాం, పిల్లలు కోతల్లోకి వెళ్లిపోతారు కాబట్టి. ముందు చెప్పి రావాలనేం లేదు, మధ్యలో మానేసి మళ్లీ వచ్చినా ఎందుకు రాలేదని అడగం. వచ్చేటప్పుడు ఇంట్లో పాత క్యాలెండర్లుంటే పట్టుకురండి. ఒకవైపు ఖాళీగా ఉన్నవి.